దొంగల భయం తగ్గాక కట్టిన కోట

స్కాట్లండ్‌లో ‘టవర్ హౌస్’ అంటే గదుల్ని పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన రాతి ఇల్లు. 14వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా అక్కడి భూస్వాములు ఇలాంటివి వందల సంఖ్యలో కట్టుకున్నారు. కారణం పశువుల దొంగలు, పాత పగలు. 1535లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 100 పౌండ్ల విలువైన భూమి ఉన్న ఇంగ్లండ్ సరిహద్దులోని ప్రతి భూస్వామీ రాతి ప్రహరీ కట్టాలి, అవసరమనుకుంటే లోపల బురుజూ లేపుకోవాలి. రక్షణ బాధ్యతను పౌరుడికే అప్పజెప్పే పద్ధతి మరీ కొత్తదేమీ కాదన్నమాట.

కట్టడంలో తర్కం సూటిగా ఉంటుంది. కింది అంతస్తుకు రాతి కమాను కప్పు. కింద నిప్పు పెట్టినా మంట పైకి ఎక్కదు. ఉన్న ఒక్క గుమ్మానికి చెక్క తలుపు, దాని వెనక ఇనుప కడ్డీల గేటు. హాలు మొదటి అంతస్తులో, పడక గదులు ఆపైన. ఒక రాత్రి దాడిని ఆపడానికి ఇంత చాలు. రాజుగారి ఫిరంగులొస్తే మాత్రం లొంగిపోవడమే మర్యాద. మెలి తిరిగే మెట్లు కుడిచేతి వాటం శత్రువు కత్తి తిప్పలేకుండా అలా కట్టారని చెబుతుంటారు. కథ బాగుంది, ఆధారమే బలంగా లేదు.

అబర్డీన్‌కు పశ్చిమాన ఉన్న క్రెయిగీవార్ కోట సంగతి వేరు. బాల్టిక్ తీరంతో వ్యాపారం చేసి బాగా సంపాదించిన విలియం ఫోర్బ్స్ (ముద్దుపేరు డాన్‌జిగ్ విల్లీ) 1610లో దీన్ని సగం కట్టి ఉండగా కొని, 1626కు పూర్తి చేశాడు. అప్పటికే, 1603 నుంచి, ఇంగ్లండ్‌కూ స్కాట్లండ్‌కూ రాజు ఒక్కడే. సరిహద్దు దాడులు సద్దుమణిగాయి. అయినా ఆయన గుమ్మానికి ఇనుప గేటు మానలేదు.

గోడల్ని కింద నుంచి పైకి చూస్తే విషయం తెలిసిపోతుంది. కింది అంతస్తులు నున్నగా, బోసిగా ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ ముందుకు పొడుచుకొచ్చిన రాళ్ల మీద గుండ్రటి బురుజులు, వాటికి కోసు టోపీల్లాంటి కప్పులు. లోపల హాలు పైకప్పంతా గార పని, పొయ్యి మీద గోడకు రాజచిహ్నం. పాదాలు కోటవి, తల భవనానిది. కొత్తగా డబ్బు చూసిన వ్యాపారికి పాత వంశం హోదా కావాలి, ఆ హోదా బురుజుల్లో దొరికింది.

1963 నుంచి ఇది నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ చేతిలో ఉంది. పై అంతస్తుల్లో కరెంటు దీపాలు లేవు. వెళ్లేవాళ్లు పట్టపగలు, ఎండ ఉన్నప్పుడే వెళ్లండి. స్కాట్లండ్‌లో ఎండ కోసం కాస్త ఓపిక పట్టాల్సి రావచ్చు.