బండి రాని స్టేషన్ల సంగతి

మా నాయుడుపేట స్టేషనుకు యీ బాధ లేదు. చెన్నై నుంచి హౌరా పోయే పెద్ద లైను మీద వున్నది గనుక, బండి ఆగినా ఆగకపోయినా పట్టాలకు తుప్పు పట్టే తీరిక వుండదు. అవే పట్టాల వెంట ఉత్తరంగా పోతే, విశాఖపట్నం దాటి, శ్రీకాకుళం రోడ్డు కూడా దాటిన తరువాత నౌపడా వస్తుంది. ఉప్పు మడుల వూరు. నేను చెప్పదలచింది అక్కడి నుంచి పర్లాకిమిడికి పోయిన బుల్లి రైలు సంగతి.

పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ గారు తమ వూరికి రైలు కావాలనుకున్నారు. పెద్ద లైను 40 కిలోమీటర్ల దూరాన పోతున్నది. దొరతనం వారు ఎప్పుడో వేస్తారులే అని కూర్చోక, సుమారు 7 లక్షల రూపాయలు పెట్టి తామే వేయించారు. 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. పెద్ద లైనులో పట్టాల మధ్య ఎడం అయిదున్నర అడుగులైతే, దీనిలో రెండున్నర. కట్ట సన్నం, వంతెన సన్నం, ఖర్చూ తక్కువ. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది.

తెలుగువారికి పర్లాకిమిడి అంటే గిడుగు రామమూర్తి పంతులు గారి వూరు. 1880లో అక్కడి బడిలో పంతులుగా చేరిన ఆయన, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆ వూరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇటు పాతపట్నం మనకు మిగిలింది. సరిహద్దు ఆ దారిని రెండు ముక్కలు చేసినా బండి మాత్రం అటూ యిటూ తిరుగుతూనే వున్నది.

2004 జూన్ 9న ఆ బుల్లి బండి ఆఖరిసారి నడిచింది. చిత్రమేమంటే, ఆ మరుసటి నెలలోనే బొంబాయి విక్టోరియా టెర్మినసుకు ప్రపంచ వారసత్వ హోదా దక్కింది! డార్జిలింగు, నీలగిరి, కాల్కా–సిమ్లా కొండ రైళ్ళకూ ఆ గౌరవం వున్నది. ఉప్పూ ధాన్యమూ మోసిన పల్లపు రైలును అడిగేవారెవరు?

పెద్ద గేజి వేయడం తప్పని నేననను. సామాను దించి మళ్ళీ ఎక్కించే అవస్థ ఆ ప్రాంతం వారికి తప్పింది. ఆ అవస్థ మా పెద్దలకూ తెలుసు. నాయుడుపేట నుంచి తిరుపతికి రైల్లో పోవాలంటే గూడూరులో పెట్టెబేడాతో దిగి, మీటరుగేజి బండి ఎక్కవలసి వుండేది. ఒక గేజి బండి పక్కన మరొక గేజి బండి, నడుమ కూలీలు, బస్తాలు, ఏడ్చే పిల్లలు. అటువంటి స్టేషను కట్టుబడే వేరు. గేజి ఒకటైన నాడు దాని అర్థం పోతుంది. చూపించేవారు లేకపోతే తరువాతి వారికి అది వట్టి పాత అరుగు.

మనవాళ్ళకు ఇంజను మీద వున్న మమకారం స్టేషను మీద లేదు. ఇంజనుకు రంగు వేసి పట్నంలో నిలబెడతారు, పిల్లలు ఫోటోలు దిగుతారు. మంచిదే. కాని రైలు నడిచిన తీరు తెలియాలంటే స్టేషను మాస్టరు గది చూడాలి. అట్ట టిక్కెట్ల బీరువా, వాటి మీద తేదీ గుద్దే ఇనప మిషను, గంటగా వేలాడిన పట్టా ముక్క, డ్రైవరు చేతికిచ్చే టోకెను. ఒంటి లైనులో ఆ టోకెను చేతిలో లేనిదే బండి కదలరాదు. ఎదురుగా మరొకటి రాకుండా అదే కాపలా. ఎన్ని ప్రాణాలు ఆ చిన్న వస్తువు మీద ఆధారపడ్డాయో గదా!

వేల్సు దేశంలో తాలిలిన్ అనే చిన్న రైలు మూతపడబోతే, 1951లో అభిమానులు చేరి, స్టేషన్లతో సహా తామే నడిపించారు. మనం అంత చేయనక్కరలేదు. నౌపడా దారిలో ఏదో ఒక వూళ్ళో పాత గది ఒకటి, బీరువా ఒకటి, తాళం చెవి వుంచుకుని వచ్చినవారికి చూపించే రిటైరయిన రైల్వే ఉద్యోగి ఒకరు వుంటే చాలు. ఆ బండి నడిపినవారు, అందులో బడికి వెళ్ళినవారు యింకా వున్నారు, అడిగితే చెబుతారు.