మోటారు సైకిలు: వయస్సు, వేగము

మన గ్రామములలో నేడు మోటారు సైకిలు లేని వీధి అరుదు. పాలకేంద్రమునకు పాలు, సంతకు కూరగాయలు, ఆసుపత్రికి రోగి, కళాశాలకు విద్యార్థి దీనిపైననే పోవుచున్నారు. యంత్ర మొక్కటే అయినను, నడుపువారి మనస్సు వయస్సుతోపాటు మారుచుండును. ఈ మార్పును ఇంటి పెద్దలు గ్రహించుట అవసరము.

ఇరువది యేండ్ల యువకుడు బండి కొనునప్పుడు మొదట దాని శక్తినిగూర్చి అడుగును. నలువది యేండ్ల గృహస్థు లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చునని అడుగును. అరువది దాటిన పెద్దమనిషి సీటు ఎత్తు, బండి బరువు చూచుకొనును. మువ్వురి ప్రశ్నలును సహజములే. 1985లో యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చినప్పుడు దానిపై మోజుపడిన యువకులు నేడు అరువదికి చేరువైనారు. 2001లో పల్సర్ బండ్లు వచ్చినప్పుడు మేమును వాటిని ఆగి ఆగి చూచినవారమే. కావున నేటి యువకులను నిందించుట మా ఉద్దేశము కాదు.

యౌవనమున వేగముపై మక్కువ యేల? తొందరను అదుపుచేసి, రాబోవు ఫలితమును ఆలోచింపజేయునది మెదడులో నుదుటి వెనుకనున్న భాగము. ఇది ఇరువదియైదవ యేటి ప్రాంతమునకు గాని పూర్తిగా పరిణతి చెందదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వెనుక స్నేహితుడు కూర్చున్నచో ఉత్సాహము మరింత హెచ్చును. 5 మొదలు 29 సంవత్సరముల వయస్సువారి మరణములకు ప్రధాన కారణము రోడ్డు ప్రమాదములేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది.

పెద్దలకును ప్రమాదము లేకపోలేదు. వయస్సు పెరిగినకొలది రాత్రివేళ చూపు మందగించును; ఎదుటి దీపముల వెలుగునకు కండ్లు చెదరును; చేయి బ్రేకుమీదికి పోవుటకు కొంత ఆలస్యమగును. పాత అనుభవమును నమ్ముకొని, చాలకాలము తరువాత శక్తిగల బండి నెక్కువారు ఈ సంగతి మరువరాదు.

వేగము రెట్టింపైనచో తాకిడి శక్తి నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోవును. గేదె అడ్డము వచ్చుట చూచి బ్రేకు నొక్కుటకు ఒక్క సెకను పట్టినను, బండి తగ్గుట మొదలిడకముందే ఆ దూరము గడచిపోవును. రోడ్డుపై ధాన్యము ఆరబోసిన చోట్ల, వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కు నిలిచిన చోట్ల 17 మీటర్లనగా ఒక ప్రాణము.

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 సంవత్సరములు నిండినవారే మోటారు సైకిలు నడుపవలెను. 50 సి.సి.కి మించని బండికి మాత్రము 16 సంవత్సరములు చాలును. మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రికి గాని సంరక్షకునికి గాని, బండి యజమానికి గాని మూడు సంవత్సరములవరకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు విధించునట్లు 2019లో సవరణ చేయబడినది. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ పిల్లవానికి 25 సంవత్సరములు నిండువరకు లైసెన్సు లభింపదు.

కొత్తగా నేర్చువానికి మొదట తక్కువ శక్తిగల బండి నిచ్చుట మేలు. పొలమునకు పోయినను హెల్మెట్టు ధరించి గడ్డము క్రింద పట్టీ బిగించుకొనవలెను. హెల్మెట్టు వలన మరణాపాయము సుమారు 42 శాతము తగ్గునని పరిశోధనలు తెలుపుచున్నవి. తండ్రి హెల్మెట్టు లేక తిరుగుచు కొడుకునకు బుద్ధి చెప్పిన ఫలము లేదు.

తొందరపడుట యౌవన లక్షణము. తాళపు చెవి ఎప్పుడు, ఎవరి చేతికి ఈయవలెనో నిర్ణయించుట పెద్దల ధర్మము. పిల్లవాడు అలిగినచో రేపటికి మరచును. బండితో పోయినవాడు ఇంటికి క్షేమముగా చేరుటకన్న తల్లిదండ్రులకు కావలసిన దేమున్నది?