ఇంటింటి ధాన్యాగారం

పంట ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే చేతికి వస్తుంది. ఆకలి ప్రతిదినమూ వస్తుంది. ఈ రెండింటి నడుమ గల వ్యవధిని పూడ్చడానికి మానవుడు కనుగొన్న ఉపాయమే నిల్వ. దున్నడం, విత్తడం, కోయడం గురించి చెప్పుకొన్నంతగా నిల్వను గురించి మనం చెప్పుకోము. కాని కోసిన గింజను మరుసటి పంట వరకు చెడకుండా కాపాడుకోవడం కూడా సేద్యంతో సమానమైన విద్యయే.

ప్రాచీనులు ఈ విద్య విలువను ఎరుగుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ అధికరణం కోష్ఠాగారాధ్యక్షుని కర్తవ్యాలను వివరిస్తుంది. సమకూర్చిన సామగ్రిలో సగభాగాన్ని జనపదాల ఆపత్కాలానికై ఉంచాలనీ, తక్కిన సగాన్నే వినియోగించాలనీ, పాతదాన్ని వాడుతూ దాని స్థానంలో కొత్తదాన్ని చేర్చాలనీ అందులోని విధి. ఈ విధి రాజులకే గాక గృహస్థులకూ వర్తిస్తుంది. కృష్ణానదికి ఆవలి ఒడ్డున ఉన్న గుంటూరు సీమను 1832-33లో నందననామ సంవత్సరపు కరువు కబళించింది. గింజలేని ఊరి గతి ఎటువంటిదో ఆ కరువు చాటిచెప్పింది.

కృష్ణకు ఈవలి ఒడ్డున ఉన్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలను పరిశీలిస్తే నిల్వవిద్యలో వచ్చిన మార్పు స్పష్టమవుతుంది. ఒకప్పుడు ఇది ప్రధానంగా మెట్టసీమ. జొన్న, సజ్జ, కంది, ఆముదం ఇక్కడి పంటలు. చెరువుల కింద మాత్రమే వరి పండేది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలయింది. ఎడమ కాలువ నీటితో మెట్టచేలు మాగాణులయ్యాయి. వరితో పాటు బియ్యపు మిల్లులు వెలిశాయి. నేడు దేశంలో మిల్లులు అధికంగా ఉన్న పట్టణాల్లో మిర్యాలగూడ ఒకటి.

మెట్టసేద్యపు కాలంలో ప్రతి ఇల్లూ ఒక ధాన్యాగారమే. వెదురు బద్దలతో అల్లి, పేడ, మట్టి కలిపి లోపలా వెలుపలా అలికిన గుమ్ములు ఉండేవి. కలిగిన ఇళ్ళలో గాదెలు ఉండేవి. జొన్నలను దీర్ఘకాలం దాచడానికి భూమిలో పాతరలు తవ్వేవారు. గోతి అడుగునా చుట్టూ గడ్డి పరచి, గింజ నింపి, పైన మట్టితో గాలి చొరకుండా మూసేవారు. లోపల గింజలూ పురుగులూ శ్వాసించగా ప్రాణవాయువు తరిగిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. పురుగు తాను పీల్చిన గాలి తరిగిపోవడం వల్లనే నశిస్తుంది. మూత తీసిన వెంటనే పాతరలోకి దిగిన మనిషికి కూడా ఊపిరాడదు. అందుకే దానిని కొంతసేపు తెరిచి ఉంచిన తరువాతనే దిగవలసి ఉండేది. నేటి శాస్త్రం 'గాలి చొరని నిల్వ' అని పిలిచే పద్ధతికి పాతరయే పూర్వరూపం.

నేడు పరిస్థితి మారింది. యంత్రంతో కోసిన వరి పచ్చిగా ఉండగానే కొనుగోలు కేంద్రానికి చేరుతుంది. ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదన్నది ప్రభుత్వ కొనుగోలు నియమం. రైతు తన వడ్లను అక్కడ అమ్మి, తాను తినే బియ్యాన్ని దుకాణం నుండి బస్తాలుగా తెచ్చుకొంటున్నాడు. గుమ్మితో పాటు, గింజను ఎలా ఉంచాలన్న తెలివి కూడా ఇంటి నుండి తొలగిపోతున్నది. కాని నిల్వ అవసరం తొలగిపోలేదు. 2025 మార్చి 30న, ఉగాది నాడు, సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లో రేషన్ దుకాణాల ద్వారా మనిషికి నెలకు 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇచ్చే పథకం ప్రారంభమయింది. ఆ ఏడాది జూన్‌లో మూడు నెలల బియ్యాన్ని ఒకేసారి ఇచ్చారు. నలుగురున్న కుటుంబానికి అది 72 కిలోలు. తొలకరి వానల వేళ, గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు, 72 కిలోల బియ్యం ఇంటికి వచ్చింది. దానిని ఆగస్టు చివరి వరకు చెడకుండా ఉంచడం ఎలాగన్నది ప్రతి ఇల్లాలికీ ఎదురైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే నిల్వకు శత్రువులెవరో ముందుగా తెలియాలి. మొదటి శత్రువు తేమ. గింజ చచ్చిన వస్తువు కాదు. అది నిద్రలో ఉన్న ప్రాణి. తేమ పెరిగితే దాని శ్వాస పెరుగుతుంది, వేడి పుడుతుంది, బూజు పడుతుంది. వడ్లను కొన్ని వారాలు ఉంచడానికి 14 శాతం తేమ సరిపోతుంది. ఎనిమిది నెలలు, సంవత్సరం ఉంచాలంటే 13 శాతానికి మించరాదు. విత్తనాల విషయంలో శాస్త్రవేత్తలు ఒక స్థూల సూత్రం చెబుతారు. తేమ ఒక శాతం తగ్గితే విత్తనపు ఆయువు రెట్టింపవుతుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా అంతే ఫలితం కలుగుతుంది. వేరుశనగ, మొక్కజొన్న, మిరప వంటి వాటిపై తేమ వల్ల పెరిగే ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. ఈ విషం కాలేయానికి హాని చేస్తుంది. వండినంత మాత్రాన నశించదు. కనుక బూజు పట్టిన గింజను కడిగి వాడడం పొదుపు అనిపించుకోదు.

రెండవ శత్రువు పురుగు. బియ్యంలో కనిపించే ముక్కుపురుగు గింజకు రంధ్రం చేసి, అందులో గుడ్డు పెట్టి, పైన మూసివేస్తుంది. ఒక ఆడపురుగు తన జీవితకాలంలో మూడు నాలుగు వందల గుడ్లు పెట్టగలదు. పిల్లపురుగు గింజ లోపలనే పెరిగి, అనుకూలమైన వేడిలో నెల రోజులకు వెలుపలికి వస్తుంది. కాబట్టి శుభ్రంగా కనిపించే బియ్యంలో కూడా పురుగు దాగి ఉండవచ్చు. డబ్బా మూత గట్టిగా బిగించినా పురుగు ఎక్కడి నుండి వచ్చిందని ఆశ్చర్యపోయేవారికి సమాధానం ఇదే. అది బయటి నుండి రాలేదు. బియ్యంతో పాటే వచ్చింది.

మూడవ శత్రువు గాలి. పురుగుకు ప్రాణాధారం గాలియే. నూనె గల పదార్థాలను చెడగొట్టేదీ గాలియే. పాలిష్ పట్టిన బియ్యం చాలాకాలం నిలుస్తుంది. దంపుడు బియ్యంలో తవుడు ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది. కనుక అది త్వరగా పాతవాసన పడుతుంది. సజ్జపిండి కొద్దిరోజులకే చేదెక్కుతుంది. అందువల్ల గింజను గింజగానే దాచి, అవసరమైనంత మాత్రమే పిండి పట్టించుకోవడం ఉత్తమం.

ఈ మూడు శత్రువులను గుర్తించిన తరువాత ఇంట్లో అనుసరించవలసిన క్రమం సులభంగా బోధపడుతుంది. మొదటి పని ఆరబెట్టడం. పప్పులు, జొన్నలు, మిరపకాయలు, చింతపండు వంటివాటిని మంచి ఎండలో పలుచగా పరచాలి. బియ్యాన్ని మాత్రం తీవ్రమైన ఎండలో పోయరాదు. గింజ పగిలి నూకవుతుంది. కనుక నీడలో గాలికి ఆరబెట్టాలి. తేమ ఆరిందో లేదో తెలుసుకోవడానికి పెద్దలు గింజను పంట కొరికి చూసేవారు. మెత్తగా నలిగితే తేమ ఉన్నట్లు, కటుక్కున విరిగితే ఆరినట్లు. ఇంకొక పరీక్ష కూడా ఉంది. పొడిగా ఉన్న గాజు సీసాలో కొంత గింజ, కొంత పొడి ఉప్పు వేసి మూతపెట్టి బాగా కదిలించాలి. పావుగంట తరువాత ఉప్పు సీసా గోడలకు అంటుకొని ఉంటే గింజలో తేమ 15 శాతానికి పైగా ఉందన్నమాట.

రెండవ పని చల్లార్చడం. ఎండ నుండి తెచ్చిన వేడి గింజను వెంటనే డబ్బాలో పోస్తే లోపల ఆవిరి చెమరుస్తుంది. ఆ చెమ్మ బూజుకు దారి తీస్తుంది. మూడవ పని చాటతో చెరిగి, జల్లెడ పట్టి, దుమ్మును, నూకను, పుచ్చు గింజలను తొలగించడం. నాలుగవ పని పాత్రను శుభ్రపరచడం. పాత బియ్యపు అడుగున మిగిలిన పిండి, మూత అంచులోని దుమ్ము పురుగుకు నివాసం. పాత్రను కడిగి, పూర్తిగా ఎండబెట్టిన తరువాతనే కొత్త గింజను నింపాలి. పాతదానిపై కొత్తదాన్ని ఎన్నడూ పోయరాదు.

అయిదవ పని గాలిని తగ్గించడం. పాత్రను అంచువరకు నింపితే లోపల గాలికి చోటు తక్కువవుతుంది. పెద్ద డబ్బా ఒకటి ఉంచుకొని రోజూ మూత తీయడం కంటె, నెలకు సరిపడే చిన్న డబ్బాలు కొన్ని నింపి ఒక్కొక్కటి వాడుకోవడం మేలు. సాధారణమైన పలుచని పాలిథీన్ సంచి గాలిని పూర్తిగా ఆపలేదు. 1980ల చివరి సంవత్సరాల్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆఫ్రికాలోని కామెరూన్ దేశపు అలసంద రైతుల కోసం మూడు పొరల సంచిని రూపొందించారు. లోపల రెండు మందమైన పాలిథీన్ సంచులు, వెలుపల ఒక నేత సంచి ఉంటాయి. లోపలి గాలిని అదిమి తీసివేసి ఒక్కొక్క సంచిని విడివిడిగా కట్టివేస్తారు. లోపలి పురుగులు మిగిలిన ప్రాణవాయువును వాడుకొని, మేత మాని, చనిపోతాయి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుశనగ నిల్వకు ఈ సంచులను పరీక్షించారు. మన పాతర సూత్రమే ఈ సంచిలో తిరిగి కనిపిస్తుంది.

అల్యూమినియం పొర గల సంచులలో చిన్న పొట్లాలు వేసి మూతి అతికించడం మరొక పద్ధతి. ఆ పొట్లంలోని ఇనుపపొడి తుప్పు పడుతూ లోపలి ప్రాణవాయువును లాగివేస్తుంది. ఈ పద్ధతి బాగా ఎండిన పదార్థాలకే వర్తిస్తుంది. తేమ గల ఆహారాన్ని గాలిలేకుండా మూసితే ప్రాణాపాయం కలిగించే సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది. శీతలయంత్రంలో మైనస్ 18 డిగ్రీల వద్ద నాలుగు రోజులు ఉంచినా గింజలోని గుడ్లు, పురుగులు నశిస్తాయి. పప్పులు, రవ్వలు కొద్ది మొత్తంలో దాచుకొనేవారికి ఇది అనువైనది.

పెద్దల అలవాట్లను కూడా ఈ దృష్టితోనే పరిశీలించాలి. కందులను పప్పుగా విసిరి దాచడంలో ఒక అర్థం ఉంది. పుచ్చుపురుగు నునుపైన నిండు గింజ మీద గుడ్డు పెట్టడానికి ఇష్టపడుతుంది. బద్దల మీద అంతగా పెట్టదు. పప్పుకు ఆముదం పట్టించడం కూడా సకారణమే. కిలో గింజకు 5 మిల్లీలీటర్ల నూనె చాలు. నూనెపొర గుడ్డుకు గాలి అందనివ్వదు. ఆముదం విస్తారంగా పండిన నల్లగొండ సీమలో ఈ అలవాటు సహజంగా అలవడింది. విత్తనాలకు కలిపే జల్లించిన బూడిద పురుగు ఒంటిమీది మైనపుపొరను గీరి, దాని దేహంలోని తడిని హరిస్తుంది. చింతపండులో వేసిన ఉప్పు నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. వేపాకు పురుగును దూరంగా ఉంచుతుంది. కాని పచ్చి ఆకును వేస్తే దానిలోని తేమ గింజకు సోకుతుంది. నీడలో పూర్తిగా ఎండిన ఆకునే వాడాలి. కారణం తెలియని ఆచారం అపకారం కూడా చేయగలదనడానికి ఇది ఉదాహరణ.

ఇక్కడ ఒక హెచ్చరిక అత్యవసరం. గోదాముల్లో పురుగును చంపడానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను కొందరు ఇంట్లోని బియ్యం బస్తాలలో ఉంచుతారు. గాలిలోని తేమ తగలగానే ఆ మాత్ర నుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. 3 గ్రాముల మాత్ర ఒక గ్రాము విషవాయువును విడుదల చేస్తుంది. అది తలుపుల సందుల గుండా పక్కగదిలోకి వ్యాపించి నిద్రలో ఉన్నవారి ప్రాణాలు తీయగలదు. ఈ విషానికి విరుగుడు మందు లేదు. శిక్షణ, అనుమతి పొందినవారు గోదాముల్లో మాత్రమే వాడవలసిన మందు ఇది. మనుషులు నివసించే ఇంట్లో దీనికి స్థానం లేదు. బియ్యంలో బోరిక్ పొడి కలపడం కూడా మంచిది కాదు. అది పసిపిల్లలకు హాని చేస్తుంది. పురుగు పడిన బియ్యాన్ని చెరిగి వాడుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేము.

నిల్వ ఉంచే చోటు కూడా ముఖ్యమే. బస్తాలను గచ్చుమీద నేరుగా ఉంచితే నేల చెమ్మ పడుతుంది. గోడకు ఆనిస్తే గోడ చెమ్మ పడుతుంది. చెక్కబల్ల మీద, గోడకు జానెడు దూరంలో ఉంచాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుండపోత వానలకు కోదాడలో ఇళ్ళలోకి వరదనీరు చేరింది. అటువంటి వేళ నేలమీది గోనెసంచిలోని బియ్యం దక్కదు. అటక మీద గట్టి మూతగల డబ్బాలో ఉన్న బియ్యం దక్కుతుంది. వరదనీటిలో మురుగు కలిసి ఉంటుంది కనుక అందులో తడిసిన గింజను ఎండబెట్టి తినరాదు. ప్రతి డబ్బా మీద పదార్థం పేరు, నింపిన తేదీ రాసి అంటించాలి. ముందు నింపినదాన్ని ముందు వాడాలి. పాతది వాడి కొత్తది చేర్చుమన్న అర్థశాస్త్ర విధి మన వంటింటి అరలోనూ చెల్లుతుంది.

గుమ్మి పోయి స్టీలు డబ్బా వచ్చింది. పాతర పోయి మూడు పొరల సంచి వచ్చింది. పాత్రలు మారినా సూత్రం మారలేదు. గింజను ఆరబెట్టాలి, గాలిని తగ్గించాలి, పురుగుకు చోటివ్వరాదు. ఈ మూడింటినీ ఏ పాఠశాలకూ వెళ్ళని మన ఇంటి స్త్రీలు తరతరాలుగా పాటించారు. వారు చేసిన దానికి కారణం తెలుసుకొని, అందులో మేలైనదాన్ని నిలుపుకొని, ప్రమాదకరమైన కొత్త అలవాట్లను విడనాడడం చదువుకొన్న తరం బాధ్యత. పండించిన గింజ ప్రతి ఒక్కటీ తినే నోటికి చేరినప్పుడే రైతు శ్రమ సార్థకమవుతుంది.