నిప్పుల నేల రారాజు

మాఘం ఎండ ముదురుతుంటే గుంటూరు సీమ ఎరుపెక్కుతుంది. కల్లాల మీద ఆరబోసిన మిరపకాయలు చూపు ఆనినంత మేరా పరుచుకుని, ఘాటెక్కిన గాలిని ఊరూరా పంచిపెడతాయి. ఆ పక్కనే, పగిలిన కాయల్లోంచి ఒత్తుగా ఉబికిన తెల్లతెల్లని పత్తి. కింద, నెర్రెలిచ్చిన నల్లరేగడి. ఎరుపు, తెలుపు, నలుపు కలిసిన ఈ విశాల చిత్రం అడుగున ఎప్పుడో ఆరిపోయిన ఒక మహాగ్ని ఆనవాలుంది. ఆ అగ్ని రగిలిన రోజుల్లో ఈ గడ్డను ఏలినవి భీకరమైన మాంసాహార డైనోసార్లు.

వాటికంటే పూర్వపు లోకాన్ని చూడాలంటే ముందు ఒంగోలు ప్రాంతంలోని వేమవరం వెళ్లాలి. అక్కడి పలకరాళ్ల పొరల్లో సన్నని ఈనెలతో సహా అచ్చుపడిన ఆకులు నిద్రపోతున్నాయి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ తీరపు రాళ్లను వివరించిన 1879లోనే, ఆ ఆకులను పురావృక్ష శాస్త్రవేత్త ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ లోకానికి పరిచయం చేశాడు. ఈతాకును తలపించే సైకస్ లాంటి మొక్కల మట్టలు, ఫెర్న్ రెమ్మలు, శంఖాకార వృక్షాల కొమ్మలు, వాటి నడుమ సముద్రంలో ఈదిన అమ్మోనైట్ల చుట్టలు. 12 కోట్ల ఏళ్లకు పైబడిన పచ్చదనమది! అంటార్కిటికాను విడిచి భారత భూభాగం వేరుపడుతున్న కాలం. పొంగివచ్చే కొత్త కడలి ఒడ్డున, తేమ చిప్పిల్లే ఆకుపచ్చని చీకటి. పత్తి లేదు, మిరప లేదు, నాగలి గీసిన చాలు లేదు. అడవి మాత్రమే ఉంది.

ఉత్తరాన ప్రాణహిత, గోదావరి లోయల్లో కాలం ఇంకా లోతుకు దిగుతుంది. అక్కడ ‘కోట’ అని పిలిచే శిలల్లో జురాసిక్ నాటి బారపాసారస్ టాగోరీ ఎముకలు దొరికాయి. స్తంభాల్లాంటి కాళ్లున్న ఆ శాకాహారి ఎముకల మధ్యే చురకత్తుల్లా పదునైన మాంసాహారుల పళ్లు కూడా బయటపడ్డాయి. ఆ విందు ఎవరిదో, ఆ వేట ఎంత భీకరమో! అదే శిలల నుంచి లేచిన కోటాసారస్ అస్థిపంజరం నేడు హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు తలెత్తి చూసేంత ఎత్తున నిలబడి ఉంది.

ఇక ఆ మహాగ్ని రగిలిన కాలపు అసలు రారాజు. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గరి రైయోలి గుట్టల్లో, 1980ల్లో మన భూగర్భ శాస్త్రవేత్తలు ఏరి తెచ్చిన ఎముకలకు 2003లో రాజాసారస్ నర్మదెన్సిస్ అని పేరు పెట్టారు. ముక్కు నుంచి తోక కొస దాకా 20 అడుగులు దాటిన దేహం. నుదుట గుండ్రంగా, పొట్టిగా లేచిన ఒంటి కొమ్ము. ఒంగోలు గిత్త మెడలా కండలు బలిసిన మెడ. నేలను తొక్కి నిలిచే బలిష్ఠమైన వెనుక కాళ్లు. వాటి వెనుక, బరువును తూకం వేస్తూ నెమ్మదిగా ఊగే పొడవాటి తోక. దాని బంధువు కార్నోటారస్ అర్జెంటీనాలో దొరికింది. దాని చర్మపు అచ్చులు సైతం రాతిలో మిగిలాయి. ఈక అన్నది లేని, గరుకైన పొలుసుల ఒళ్లు. ఉన్నాయో లేవో అన్నంత చిట్టి చేతులు. మన మిరప కూడా ఆ అమెరికా దిక్కు నుంచే పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది. ఒకే దిక్కు కొమ్ముల మృగానికీ, మంటల పంటకూ పుట్టిల్లు కావడం ఎంత చిత్రం!

చిట్టి చేతులతో వేటెలా? ఆ వంశానికి నోరే ఆయుధం. పొట్టిగా, ఎత్తుగా ఉన్న ఆ దవడ ఒకసారి బిగిస్తే వదలకుండా, మెడ బలంతో ఎరను పట్టి కుదిపేదని శాస్త్రవేత్తల ఊహ. మడగాస్కర్‌లోని మరో బంధువు మజుంగాసారస్ ఎముకల మీద సొంత జాతి పళ్ల గాట్లే కనిపించాయి. ఆకలి ముందు అయినవాళ్లు లేరు మరి!

రాజాసారస్ చుట్టూ ఎంత సందడి! పొడవు మెడల టైటనోసార్లు మందలుగా కదిలేవి. వాటిలో ఒకటైన ఐసిసారస్ అవశేషాలు చంద్రపూర్ జిల్లా డోంగర్‌గావ్‌లో దొరికాయి. అదే జిల్లా పిస్‌దురాలో రాయిగా మారిన పేడలో గడ్డిజాతి మొక్కల జాడలున్నాయని 2005లో తేలింది. మనం తినే వరికి దూరపు చుట్టాలవి. మెత్తని ఇసుకలో టైటనోసార్ల గుండ్రని గుడ్లు గూళ్లకు గూళ్లు. ఒక గూట్లో గుడ్డు చుట్టూ చుట్టుకుని, అప్పుడే పుట్టిన పిల్ల పక్కన పొంచిన 11 అడుగుల పాము సనాజే, ఉన్నదున్నట్టుగా శిల అయిపోయింది. బతుకూ చావూ ఒకే ఇసుక గూట్లో!

అప్పుడు నేల పగిలింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి దక్కనులో కరిగిన రాయి ఎర్రగా, చిక్కగా, పొర మీద పొరగా పొంగింది. ఆ ప్రవాహాల్లో కొన్ని 1,000 కిలోమీటర్ల దూరం పారి తూర్పు తీరాన్ని తాకాయంటారు. రాజమహేంద్రవరం దగ్గరి కాటేరు, పంగిడి నల్లరాళ్లు వాటివే. ఆ కాలంలోనే మెక్సికో తీరాన మహోల్క పడింది. బూడిద కమ్మిన ఆకాశం కింద కొమ్ము తలల రారాజుల వంశం అంతరించింది.

ఆ లావా గట్టిపడి, వానలకు నాని, మెల్లగా చివికి మట్టయింది. మహాబలేశ్వరం దగ్గర ఆ నల్లరాతి కొండల్లోనే కృష్ణమ్మ పుడుతుంది. వాటి పొడిని యుగయుగాలుగా మోసుకొచ్చి డెల్టాలో పరుస్తూనే ఉంది. మన నేలల నలుపంతా అక్కడిది కాదు. ఇక్కడి రాళ్లు అరిగి ఏర్పడ్డ రేగడీ ఉంది. అయినా కృష్ణ ఒడ్డున చేతికి అంటుకునే జిగట మట్టిలో రాజాసారస్ నాటి నిప్పు పాలు తప్పక ఉంది. ఒక లోకాన్ని కప్పెట్టిన అగ్ని, ఈనాటి మన చేలకు సత్తువ!

వేటగాళ్ల కులం మాత్రం ముగియలేదు. మాంసాహార డైనోసార్లలోనే మరో కొమ్మ, చిన్నచిన్న ఈకల జీవులది, పక్షులుగా బతికి బట్టకట్టింది. నీలి రెక్కలు విప్పే పాలపిట్ట, చీలిన తోకను ఆడించే నల్లని ఏట్రింత, అరక వెనుక నడిచే తెల్లకొంగ, అన్నీ ఆ వంశాంకురాలే. పత్తి చేలో రైతులు అక్కడక్కడా కర్రలు పాతి పక్షి స్థావరాలు పెడతారు. ఏట్రింత వాటి మీద వాలి, కాయల్ని తొలిచే శనగపచ్చ పురుగును ఒడుపుగా ముక్కున కరుచుకుపోతుంది. డైనోసార్ల వేట ఆగిపోయిందని ఎవరైనా అంటే, వాళ్లను ఒక పూట పత్తి చేను గట్టు మీద కూర్చోబెట్టాలి.