రక్తం తక్కువైతే పాలసీ ఏమి కడుతుంది, ఏమి కట్టదు

సుగ్గి ముగిసి జనం ఊళ్లకు తిరిగొచ్చే రోజుల్లో మా ప్రసూతి వార్డు నిండిపోతుంది. అలాంటి ఒక వేసవిలో కోసిగి దిక్కు నుంచి ఒక తల్లిని ఆటోలో తీసుకొచ్చారు. ఏడో నెల. సంక్రాంతికి ముందు గుంటూరు వైపు మిరప కోతకు పోయి, మూడు నెలలు వంగి కాయ కోసి వచ్చింది. పాదాలు వాచాయి. నాలుక, అరచేతులు పాలిపోయి ఉన్నాయి. మంచం దిగి నాలుగడుగులు వేస్తే ఆయాసం. ల్యాబ్ నుంచి హిమోగ్లోబిన్ 4.8 అని చీటీ వచ్చింది. గర్భిణికి 11 ఉండాలి. 7 కంటె తగ్గితే తీవ్రమైన రక్తహీనత అంటాము. 5 కూడా లేనప్పుడు కాన్పులో కొద్దిపాటి రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

భర్త చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో మడిచి పెట్టిన కాగితం తీశాడు. “సిస్టరమ్మా, దీనికి ఏటా కడుతున్నాము. ఖర్చుకు భయపడొద్దు, రక్తం ఎక్కించండి” అన్నాడు. అది ఒక ప్రైవేటు కంపెనీ వైద్య బీమా పాలసీ. మా బిల్లు కౌంటరు వారు ఫోను చేసి అడిగితే, గర్భానికి సంబంధించిన ఖర్చులు ఆ పాలసీలో లేవని జవాబు వచ్చింది. ఏజెంటు అన్నీ వస్తాయని చెప్పాడట. కాగితంలో మాత్రం రావని ఉంది, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. రక్తం ఎక్కించాము, తరువాత ఐరన్ ఇంజెక్షన్లు ఇచ్చాము. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, 2 కిలోల 100 గ్రాములు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు. బిల్లు కట్టడానికి ఆమె చెవి కమ్మలు కుదువ పెట్టారు. వాటిని విడిపించుకున్నారో లేదో మేము అడగలేదు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు కాన్పు, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం ఉచితం. మా ఆసుపత్రి పత్రికలో మేమే ఇలా రాయడమేమిటని అనుకోవద్దు. మా దగ్గరకు వచ్చే ముందే మీకు తెలిసి ఉండవలసిన విషయం ఇది.

రక్తహీనత మన ఇళ్లలో ఎంత మామూలైపోయిందంటే, దాన్ని జబ్బు అనే అనుకోరు. “ఆడవాళ్లకు నీరసం ఉండదా అమ్మా” అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువగా ఉన్నట్లు తేలింది. అయిదేళ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి. మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఇందుకు కారణాలు మా కళ్లకు రోజూ కనిపిస్తూనే ఉంటాయి. వాన చాలక పంట పోతుంది, కుటుంబం సుగ్గికి పోతుంది. అక్కడ గుడిసెలో పొద్దున వండిన అన్నమే రాత్రికీ. పప్పు పలచన, ఆకుకూర లేదు. ఇక్కడ అంగన్‌వాడీలో దొరికే గుడ్డు, పాలు ఆ మూడు నాలుగు నెలలు తప్పిపోతాయి. ఏఎన్ఎమ్ ఇచ్చిన ఎర్ర మాత్రల పట్టీ ఇంటి గూట్లోనే ఉండిపోతుంది. పిల్లలకు బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్ర సంగతీ అంతే. చెప్పుల్లేకుండా తడి నేలలో తిరిగితే కొంకి పురుగులు కడుపులో చేరి ఉన్న కొద్ది రక్తాన్నీ పీలుస్తాయి.

తిండి విషయంలో మన సీమకు లోటేమీ లేదు, తినడం మానుకున్నామంతే. జొన్న రొట్టె, కొర్రన్నం, సజ్జ రొట్టె మన పెద్దలు తిన్నవే. ఇప్పుడు మూడు పూటలా తెల్ల బియ్యమే. పొద్దున ఉగ్గాని బజ్జీ, దాని మీద టీ. ఉగ్గాని తినొద్దని మేము అనము, ఆదోనిలో ఉండి అంత మాట ఎలా అంటాము? కాని తిండితో పాటు టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి పట్టదు. గంటో, రెండు గంటలో ఆగి తాగండి. పప్పులోకి, కూరలోకి నిమ్మరసం పిండుకుంటే ఐరన్ బాగా పడుతుంది. మునగాకు, తోటకూర, పుంటికూర, పెసలు, అలసందలు, శెనక్కాయలు, వారానికి రెండు మూడు గుడ్లు, మాంసం తినేవారైతే కొంచెం కార్జం. (గర్భిణులు కార్జం ఎక్కువ తినరాదు, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ.) ఎముకలకు కాల్షియం కావాలంటే 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. సంగటి తినే ఇంట్లో కాల్షియం డబ్బాలు కొనే ముందు ఒకసారి ఆలోచించండి.

జొన్న గురించి పాత ముచ్చట ఒకటి. మాకంటె ముందు తరం సిస్టర్లు, ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొరలుగా ఊడి, విరేచనాలతో, మతి తప్పి వచ్చే రోగుల గురించి చెప్పేవారు. ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. నయాసిన్ అనే బి విటమిన్ లోపం వల్ల వస్తుంది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా మనకు తెలిసిన హైదరాబాదు ప్రయోగశాలలో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా 1960లో, దక్కనులో జొన్న మీదే బతికే పేదలలో ఈ జబ్బు ఎందుకు వస్తున్నదో పరిశోధించి ప్రకటించారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. జొన్న రొట్టె పక్కన పప్పు, కూర, మజ్జిగ లేకపోతేనే చిక్కు. మేము ఉద్యోగంలో చేరాక ఆ జబ్బు అరుదైపోయింది.

2021 తరువాత రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 చేర్చిన గింజలు కలిపి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, అవి ప్లాస్టిక్ బియ్యమని చాలామంది చేటలో ఏరి పారేశారు. మా ఆయాలలో కూడా ఒకరిద్దరు అదే పని చేశారు.

నీరసమంతా ఐరన్ లోపమే అనుకోకండి. బొత్తిగా శాకాహారులకు, పెద్ద వయసు వారికి, ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకునేవారికి బి12 తగ్గుతుంది. పాదాలు తిమ్మిర్లెక్కి, చీమలు పాకినట్లుంటుంది. పిల్లలకు పొద్దుగూకాక చూపు ఆనకపోతే విటమిన్ ఏ లోపం కావచ్చు. తలసీమియా వంటి పుట్టుకతో వచ్చే రక్తదోషాల్లో ఐరన్ టానిక్కు మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. అందుకే మెడికల్ షాపులో సీసా కొనే ముందు పరీక్ష చేయించుకోండి.

ఇక ఇన్సూరెన్సు సంగతి. ఈ మధ్య ఆదివారం ఆరాధన అయ్యాక చాలామంది మమ్మల్ని గేటు దగ్గర ఆపి అడిగేది ఇదే. ప్రైవేటు వైద్య బీమా తీసుకుంటే విటమిన్ లోపాలకు పనికొస్తుందా అని. మేము నర్సులము, బీమా మా విద్య కాదు. కాని మంచం పక్కన నిలబడి ఏ క్లెయిము వచ్చిందో, ఏది తిరిగి పోయిందో చూస్తున్నాము కనుక కొంత తెలిసింది.

మామూలు పాలసీ ఆసుపత్రి పడక కోసం చేసిన ఒప్పందం. విటమిన్లు, ఖనిజ లవణాలు, బలానికి తీసుకునే పొడులకు డబ్బు ఇవ్వరని పాలసీలన్నిటిలో ఒకే వాక్యం ఉంటుంది. ఆసుపత్రిలో చేరినప్పుడు చికిత్సలో భాగంగా డాక్టరు రాస్తేనే వస్తుంది. ఇంటి దగ్గర మింగే ఐరన్ మాత్రకు రాదు. కేవలం పరీక్షల కోసం చేరినా రాదు. అదే రక్తం బాగా పడిపోయి చేరి, రక్తం ఎక్కించుకుని, కారణం వెదికి వైద్యం చేయించుకుంటే వస్తుంది. మూలశంక నుంచి, గర్భసంచి గడ్డల నుంచి, కడుపులో పుండు నుంచి రక్తం పోయి బలహీనులైనవారికి ఇది పెద్ద ఆసరా. కాని మూలశంక ఆపరేషనుకు, గర్భసంచి తీసివేతకు సాధారణంగా రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. జబ్బు వచ్చాక పాలసీ తీసుకుంటే ఆ రెండేళ్లు ఆగాలి. ముందే ఉన్న జబ్బులకు 2024 ఏప్రిల్ నుంచి ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు, అంతకుముందు నాలుగేళ్లు ఉండేది.

2020 నుంచి కంపెనీలన్నీ అమ్మవలసిన ‘ఆరోగ్య సంజీవని’ అనే ఒకే రకం పాలసీ ఉంది. ఏ కంపెనీలో కొన్నా షరతులు ఒకటే, ప్రీమియం మాత్రమే తేడా. పోల్చి చూసుకోవడానికి అది సులువు. ఆసుపత్రిలో చేరకముందు 30 రోజుల, ఇంటికి వెళ్లాక 60 రోజుల పరీక్షలు, మందుల బిల్లులు కూడా అందులో వస్తాయి. కనుక డిశ్చార్జి తరువాత రాసిన ఐరన్, బి12 ఇంజెక్షన్ల బిల్లులు పారేయకండి, అడిగి చూడండి. క్లెయిములో నూటికి 5 రూపాయలు మీరు పెట్టుకోవాలి. కాన్పు ఖర్చు అందులోనూ లేదు.

ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లవారికి ఇంకో పాలసీ గుర్తుండవచ్చు. 2005-06లో కేంద్ర ప్రభుత్వం ఐసిఐసిఐ లాంబార్డ్ అనే ప్రైవేటు కంపెనీతో కలిసి దేశమంతటా చేనేత కార్మికులకు ఆరోగ్య బీమా పెట్టింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలకు ఏడాదికి 15,000 రూపాయలు. మొత్తం చిన్నదే. కాని ముందే ఉన్న జబ్బులు వచ్చేవి, ఓపీ చీటీ వైద్యం వచ్చేది, మొదటి రెండు కాన్పులకు సాయం ఉండేది. రోజంతా గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషికి పోషకాహార లోపం మొదట కనబడేది ఓపీలోనే కదా. ఆ పథకం ఇప్పుడు లేదు. ఇప్పటి లక్షల పాలసీలకంటె మన పేదల అవసరం దానికే బాగా తెలిసిందని మా అభిప్రాయం.

కొందరు చేసే ఒక కోరిక మమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. ఐరన్ ఇంజెక్షన్ సెలైన్లో ఎక్కించి సాయంత్రానికి పంపేస్తాము. “ఇంకో రాత్రి ఉన్నట్లు రాయండి సిస్టరమ్మా, 24 గంటలు అయితేనే క్లెయిము వస్తుందట” అంటారు. మేము రాయము. కేసు షీటులో అబద్ధం రాస్తే రేపు నిజమైన క్లెయిము కూడా నిలిచిపోతుంది, పాలసీయే రద్దు కావచ్చు. దానికి బదులు, డే కేర్ చికిత్స కింద వస్తుందా అని కంపెనీని ముందే అడిగి, వచ్చిన జవాబు దాచుకోండి.

పాలసీ ఫారం నింపేటప్పుడు రక్తహీనత ఉన్నట్లు తెలిస్తే దాచకండి. ఏజెంటు రాసుకుంటాడులే అని ఖాళీ ఫారం మీద సంతకం చేయకండి. పక్కన చదువుకున్న పిల్లను కూర్చోబెట్టుకుని అడగండి. కాన్పు ఉందా, ఉంటే ఎన్ని నెలల తరువాత? ఓపీ ఉందా? ఏడాదికొకసారి ఉచిత పరీక్షలు ఉన్నాయా? (కొన్ని పాలసీలలో ఉంటాయి. ఉంటే హిమోగ్లోబిన్ దాంట్లోనే చేయించుకోండి. డబ్బు కట్టి వాడుకోని వారే ఎక్కువ.) మన ఆదోనిలో, కర్నూలులో ఏయే ఆసుపత్రుల్లో నగదు లేకుండా చేర్చుకుంటారు? కాగితం చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల లోపల తిరిగి ఇచ్చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ వైద్య బీమా మీద జి.ఎస్.టి. లేదు, ఎవరైనా కలిపి చెబితే నిలదీయండి. కంపెనీతో తగవు తెగకపోతే హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫిర్యాదుకు ఫీజు లేదు.

జిన్నింగు మిల్లులో పనిచేసేవారు ముందుగా ఈఎస్ఐ ఉందో లేదో యజమానిని అడగండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి అది వర్తిస్తుంది. ఓపీ, మందులు, కాన్పు అన్నీ అందులో ఉన్నాయి. అర్హత ఉన్నవారికి ఎన్టీఆర్ వైద్య సేవ ఉండనే ఉంది. అవి చూసుకున్నాకే ప్రైవేటు ప్రీమియం ఎంత కట్టగలరో లెక్క వేసుకోండి. ప్రీమియం కోసం ఇంట్లో గుడ్లు, పాలు తగ్గించుకున్న ఒక కుటుంబాన్ని మేము ఎరుగుదుము.

ఈసారి సుగ్గికి పోయే ముందు ఆడవారందరూ, కడుపుతో ఉన్నవారు తప్పకుండా, ఒకసారి ల్యాబుకు రండి. గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకొక ఎర్ర మాత్ర, 180 రోజులు. కాన్పు తరువాత మరో 180. పోయే నెలలన్నిటికీ సరిపడా మాత్రలు ఏఎన్ఎమ్ దగ్గర అడిగి తీసుకోండి. మాత్రతో మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక నిమ్మ నీళ్లతో వేసుకోండి. కాల్షియం మాత్ర దానితో కలపకండి, అది వేరే పూట. పట్టీ మీద తేదీ రాసి ఇమ్మంటే మా స్టాఫ్ నర్సులు రాసి ఇస్తారు. తిరిగి వచ్చినప్పుడు ఖాళీ పట్టీలు తెచ్చి చూపించండి. పాలసీ ఉంటే ఆ కాగితం కూడా తెండి, చిన్న అక్షరాలు బిల్లు కౌంటరులో తెలుగులో చదివి చెబుతారు.