మందు లేని సూది

బీడీలు చుట్టే ఆడవాళ్లకు మెడ, భుజాలు ఎప్పుడూ సలుపుతుంటాయి. చాట ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని పొద్దస్తమానం కూర్చోవాలి. లెక్క పూర్తయ్యేదాకా లేవడానికి ఉండదు. కుట్టుమిషను తొక్కే వాళ్లది కూడా ఇదే బాధ.

నొప్పి ఉన్నచోట వేలితో నొక్కి చూస్తే గట్టిగా ముడిలాగా తగులుతుంది. నొక్కగానే ప్రాణం జివ్వుమంటుంది. ఒక్కోసారి భుజం మీద నొక్కితే నొప్పి మెడకు, తలకు పాకుతుంది. "నరం పట్టేసింది" అంటారు చాలామంది. చాలాసార్లు పట్టేసేది నరం కాదు, కండ.

ఇలాంటి నొప్పికి ఫిజియోథెరపీలో ఒక చికిత్స ఉంది. దాని పేరు డ్రై నీడ్లింగ్. డ్రై అంటే పొడి. నీడిల్ అంటే సూది. పొడి సూది అన్నమాట. ఇది మామూలు సూదిమందు కాదు. సూదిమందు వేసే సూదికి మధ్యలో బెజ్జం ఉంటుంది. అందులోంచి మందు ఒంట్లోకి పోతుంది. ఈ సూదికి బెజ్జం లేదు. మందూ లేదు. మూడు నాలుగు తలవెంట్రుకలు కలిపితే ఎంత లావో, సూది అంతే.

మరి మందు లేకుండా నొప్పి ఎలా తగ్గుతుంది? మొదట్లో డాక్టర్లకు కూడా ఈ సంగతి తెలియదు. అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ ఈ కండ ముడుల గురించి ఏళ్ల తరబడి పరిశీలించారు. ముడిలోకి తిమ్మిరి మందు ఎక్కించి నొప్పి తగ్గించేవారు. నడుం నొప్పితో బాధపడే అధ్యక్షుడు కెనెడీకి కూడా ఆమే వైద్యం చేశారు. 1961లో ఆయన ఆమెను తన సొంత డాక్టరుగా పెట్టుకున్నారు. ఆ తర్వాత 1979లో కారెల్ లెవిట్ అనే డాక్టరు ఒక వ్యాసం రాశారు. ఆయనది అప్పటి చెకోస్లొవేకియా దేశం. మందు లేకపోయినా, సరైన చోట సూది దిగితే చాలు, నొప్పి తగ్గుతోందని ఆయన చెప్పారు.

ఇప్పుడు చేసేది అదే. ముడిని వేలితో వెతికి పట్టుకుంటారు. సూదిని సరిగ్గా అందులోకి దించుతారు. చాలాసార్లు కండ టక్కున ఎగిరిపడుతుంది. భయపడనక్కర లేదు. ఆ తర్వాత బిగువు సడలుతుంది.

అలాగని నొప్పి ఇక జన్మలో రాదనుకోకూడదు. మళ్లీ అదే చాట, అదే వంగడం అయితే ముడి మళ్లీ కడుతుంది. అందుకే ఫిజియోథెరపిస్టు మెడకు, భుజాలకు వ్యాయామం కూడా నేర్పుతారు. నేర్పకుండా సూదులే గుచ్చి పంపిస్తే సగం వైద్యమే చేసినట్లు. పని మధ్యలో లేచి, చేతులు పైకి చాపి, నాలుగు అడుగులు వేసినా కండకు తెరిపి ఉంటుంది.

ఈ సూది ఎవరంటే వాళ్లు వేయకూడదు. ఫిజియోథెరపీ చదివి, ఈ పని వేరుగా నేర్చుకున్న వాళ్లే వేయాలి. సూది కొత్తదై ఉండాలి. ప్యాకెట్ ఎదురుగా చింపమని అడగడంలో తప్పు లేదు. కడుపుతో ఉన్నా, రక్తం పలచబడే మందు మింగుతున్నా ముందే చెప్పాలి.

సూది వేసిన చోట ఒకటి రెండు రోజులు పులిసినట్లుగా ఉంటుంది. అది మామూలే. కానీ భుజం, వీపు పైభాగం కింద ఊపిరితిత్తులు ఉంటాయి. సూది లోతుగా దిగితే వాటికి చిల్లు పడవచ్చు. ఇలా జరగడం చాలా అరుదు. అయినా, సూది వేయించుకున్నాక ఆయాసం గాని, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు గాని వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. భుజంలో సూది వేయించుకున్నానని అక్కడి డాక్టరుకు చెప్పాలి.