క్రిప్టోకరెన్సీ ఉచిత పంపిణీ మోసము

క్రిప్టోకరెన్సీ ఉచిత పంపిణీ మోసము అనగా, ఒక ప్రముఖ వ్యక్తి లేదా సంస్థ బిట్‌కాయిన్ వంటి క్రిప్టోకరెన్సీని ఉచితంగా పంచుతున్నట్లు ప్రకటించి, ముందుగా ఎదుటివారి వద్దనుండే సొమ్ము రాబట్టే మోసము. పంపినదానికి రెట్టింపు తిరిగి ఇస్తామనడం దీని ముఖ్య లక్షణము. నోట్లను రెట్టింపు చేస్తామనే పాత మోసానికి ఇది కొత్త రూపము.

2020 ట్విట్టర్ సంఘటన

2020 జూలై 15న ట్విట్టర్‌లో (ప్రస్తుత పేరు ఎక్స్) బరాక్ ఒబామా, జో బైడెన్, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్ మరియు ఆపిల్, ఊబర్ సంస్థల ఖాతాల నుండి ఇంచుమించు ఒకే సందేశము వెలువడినది. అందులోని చిరునామాకు 1,000 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ పంపితే 2,000 డాలర్లు తిరిగి పంపుతామని దాని సారాంశము. ఇవి నకిలీ ఖాతాలు కావు. మోసగాళ్ళు ట్విట్టర్ ఉద్యోగులను ఫోనులో నమ్మించి, సంస్థ అంతర్గత వ్యవస్థలోనికి ప్రవేశించారు. 130 ఖాతాలను లక్ష్యంగా చేసుకొని, 45 ఖాతాల నుండి సందేశాలు పంపారు. కొద్ది గంటలలోనే 1,10,000 డాలర్లకు పైగా వసూలైనది. కాయిన్‌బేస్ అను క్రిప్టో మారకపు సంస్థ, తన ఖాతాదారులు సుమారు 1,100 మంది పంపబోయిన 30.4 బిట్‌కాయిన్లను ఆపివేయడం వలన నష్టము అంతటితో ఆగినది. ప్రధాన నిందితుడు ఫ్లోరిడాలోని టాంపాకు చెందిన 17 ఏళ్ళ బాలుడు. 2021 మార్చిలో నేరము అంగీకరించిన అతనికి 3 సంవత్సరాల శిక్ష పడినది.

భారతదేశంలో

2021 డిసెంబరు 12న ప్రధానమంత్రి నరేంద్ర మోడీ ట్విట్టర్ ఖాతా కొద్దిసేపు హ్యాకర్ల వశమైనది. ప్రభుత్వము 500 బిట్‌కాయిన్లు కొని ప్రజలకు పంచుతున్నదని అందులో వ్రాసి, ఒక లింకు ఇచ్చారు. 2024 సెప్టెంబరు 20న సుప్రీం కోర్టు వాదనలు ప్రసారమయ్యే యూట్యూబ్ ఛానెల్ కూడా హ్యాక్ అయి, అందులో ఎక్స్‌ఆర్‌పి అను క్రిప్టోకరెన్సీ ప్రచార వీడియోలు కనిపించాయి.

గుర్తించుట

పై సంఘటనలను బట్టి, ఖాతా అసలైనదా కాదా అని చూచుట ఒక్కటే చాలదు. ఏమి అడుగుతున్నారన్నదే ముఖ్యము. ఎవరికైనా క్రిప్టోకరెన్సీ పంపడానికి వారి చిరునామా ఉంటే చాలు, వారి వద్దనుండి ముందుగా ఏమీ తీసుకొననవసరము లేదు. కనుక "చిరునామా సరిచూచుటకు" కొంత పంపమనడం కేవలము సాకు. వాలెట్ యొక్క 12 లేదా 24 రహస్య పదాలను అడిగినా మోసమే. ప్రముఖుల పాత ఇంటర్వ్యూలను ప్రత్యక్ష ప్రసారము వలె చూపి, ప్రక్కన క్యూఆర్ కోడ్ ఉంచడం మరొక పద్ధతి. "నాకు డబ్బు వచ్చినది" అనే వ్యాఖ్యలు సాధారణంగా మోసగాళ్ళు వ్రాసుకొన్నవే.

మోసపోయిన పిదప

బిట్‌కాయిన్ లావాదేవీ ఒకసారి నమోదైన తరువాత దానిని వెనుకకు మళ్ళించగల బ్యాంకు ఏదీ లేదు. భారతదేశంలో 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేసి, లావాదేవీ సంఖ్య, చిరునామా, స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు చేయవచ్చును. సొమ్ము మారకపు సంస్థకు చేరినచో పోలీసులు స్తంభింపజేయించే అవకాశము ఉన్నది. పోయిన సొమ్ము రాబట్టి ఇస్తామని రుసుము అడిగేవారు కూడా తరచుగా అదే ముఠాకు చెంది ఉంటారు.